రోహిణి దాటేదాకా నమ్మని మేడం

మొదట జరిగినదాన్ని జరిగిన వరుసలోనే రాస్తాను. ఆ తరువాత వరుస తప్పవచ్చు, పాఠకులు మన్నించాలి.

1. రోహిణి కార్తె మొదలైన రెండు మూడు రోజులకు, ఉదయం పూట, మేడ్చల్ బస్టాండు ఎదుట కంపెనీ క్యాబ్ కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. మేడం తమ్ముడు. "అక్క పోయింది యాదగిరన్నా" అన్నాడు. క్యాబ్ వచ్చేదాకా ఇద్దరమూ ఫోను పెట్టేయలేదు.

2. క్యాబ్ వచ్చింది. లోపల తుర్కపల్లి ప్రయోగశాలకు వెళ్లే మావాళ్లే ఉన్నారు. విషయం చెప్పాను. డ్రైవరు ఎవరినీ అడగకుండా బండి తిప్పి మేడం ఇంటి దారి పట్టించాడు.

3. ఇంటికి ఐసు పెట్టె తెచ్చారు. దాని ప్లగ్గు ఊడి ఉంటే నేనే బిగించాను. పెట్టె మీద ఉష్ణోగ్రత చూపే అంకె తప్పు చూపుతోందేమో అనిపించింది. మేడం ఉంటే "అనిపిస్తే ఏమొస్తది, కొలిచి చెప్పు" అనేవారు. కొలవలేదు. జీవితంలో ఒక అంకెను అనుమానించి వదిలేయడం నాకు అదే మొదటిసారి.

4. సాయంత్రం ఐదు గంటలకు తీసుకుపోవాలని నిర్ణయించారు.

ఆమె కొత్త పదార్థాల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. మందుల కంపెనీల మధ్య, ఒక రేకుల షెడ్డులో నడిచే మా చిన్న ప్రయోగశాలకు పెద్ద. ఆమె జీవితమంతా వెతికిన వస్తువు ఒక్కటే: ఎండలో పెట్టినా చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా ఉండే పూత. కరెంటు అక్కరలేదు, నీళ్లు అక్కరలేదు. రేకు మీద పూస్తే చాలు.

ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను. ఆమె కోప్పడలేదు. "చలికాలం పొద్దుగాల నీ స్కూటర్ సీటు మీద మంచు ఉంటదా?" అని అడిగారు. ఉంటుందన్నాను. "సీటు గాలికంటె చల్లగైతెనే గదా దాని మీద మంచు దిగేది. మరి గాలికంటె చల్లగ ఎట్లయింది? దాని వేడి ఎటు పోయింది?" అన్నారు. నేను నేల వైపు చూశాను. ఆమె పైకి చూపించారు. ప్రతి వస్తువూ కంటికి కనపడని వేడిని వెలువరిస్తూనే ఉంటుందనీ, అందులో కొంత భాగాన్ని గాలి అడ్డుకోలేదనీ, అది నేరుగా ఆకాశాన్ని దాటి, అవతల ఉన్న అంతులేని చలిలోకి పోతుందనీ ఆనాడు తెలుసుకున్నాను. రాత్రి జరిగే ఆ పనిని పట్టపగలు జరిపించాలంటే, మీద పడే ఎండను దాదాపు మొత్తంగా వెనక్కి కొట్టే పూత కావాలి. ఆ రోజు ఇంటికి పోయేటప్పుడు అలియాబాద్ దగ్గర బండి ఆపి, పైకి చాలాసేపు చూశాను. ఎన్నో ఏళ్లుగా నా నెత్తిమీద ఒక తలుపు తెరిచే ఉన్నదని నాకెవరూ చెప్పలేదు.

నేను ఆమె దగ్గరికి చేరిన తీరు కూడా చెప్పాలి. మేడ్చల్‌లో నాకు మోటార్ల వైండింగ్ దుకాణం ఉండేది. పదో తరగతి తరువాత చదివిందంతా పాత పుస్తకాల షాపులోనే. ఉష్ణోగ్రతను నమోదుచేసే ఒక యంత్రం చెడిపోతే, ఎవరూ బాగుచేయలేమన్నాక, ఆమె నా దగ్గరికి తెచ్చారు. బాగుచేసి ఇస్తూ, "నడుస్తది మేడం. కానీ ఎంత తప్పు చూపిస్తదో నాకు తెల్వదు" అన్నాను. ఆమె కళ్లజోడు తీసి నన్ను చూశారు. "అందరు 'పక్కా చూపిస్తది' అనెటోళ్లే. తప్పు చూపిస్తదని అమ్మేటోన్ని ఇప్పుడే చూస్తున్న. దుకాణం బంద్ జేసి మా దగ్గరికి రారాదు?" అన్నారు. అలా పరికరాల మనిషినయ్యాను.

నాకు ప్రతిదానికీ జాబితా రాసే అలవాటు ఉంది. ఆమె దాన్ని ఆటపట్టించేవారు. "యాదగిరీ, పెండ్లిపత్రికల గూడ నంబర్లు ఏసినవా?"

"వేసిన మేడం."

"పెండ్లికూతురు పేరు ఎన్నో నంబరు?"

"మూడు."

"అందుకే నీకు ఇంట్ల చాయ్ దొరకదు," అని నవ్వి, తన ఫ్లాస్కులోంచి పోసేవారు. నవ్వినా, ఆ జాబితాలనే వాడుకునేవారు. ఏ ఫలితమైనా మంచిగా వచ్చిందంటే, సంబరపడకముందు, అది ఏయే కారణాల వల్ల అబద్ధం కావచ్చో నాతో బోర్డు మీద వరుసగా రాయించేవారు. ఒక్కో కారణాన్నీ పరీక్షించి కొట్టేసేవాళ్లం. కొట్టేయలేనిది ఒక్కటి మిగిలినా, ఆ ఫలితం గురించి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. "మన మాటకు ముందుగాల మనమే పగోళ్లం కావాలె. బయటి పగోళ్లు ఎనకొస్తరు" అనేవారు.

ఆమెకొక సిద్ధాంతం ఉండేది. పూతలో కలిపే తెల్లటి ఖనిజపు పొడిలో రేణువులన్నీ ఒకే పరిమాణంలో ఉండాలన్నది ఆ సిద్ధాంతం. ఆమె పేరు పదిమందికి తెలిసింది దానివల్లే. కాబట్టి ఏళ్ల తరబడి మేము చేసింది జల్లెడ పట్టడమే. దంచడం, జల్లించడం, కొలవడం, మళ్లీ దంచడం. ముతకది పక్కకు, మరీ మెత్తనిది పక్కకు. ఆ పనికిరాని పొడి అంతా షెడ్డు వెనక డ్రమ్ములలో పోగుపడేది. ఇంత చేసినా మా పూత ఎండలో గాలితో సమానంగా ఉండేది తప్ప, దానికంటే చల్లబడేది కాదు. ప్రతి ఎండాకాలమూ ఆమె రేకు మీద అరచేయి పెట్టి, తీసి, "ఇంకొంచెం సన్నగ జల్లిద్దాం" అనేవారు.

మా క్యాంటీన్ నడిపే ఆమెను అందరమూ ఖాలా (పిన్ని) అని పిలుస్తాం; అలియాబాద్ మనిషి. ఒక చలికాలంలో ఆమె తన క్యాంటీన్ రేకులకు తుప్పు పడుతోందని, ఆ డ్రమ్ములలో పొడి ఇమ్మని అడిగింది. మేడం తీసుకొమ్మన్నారు. మిగిలిపోయిన జిగురులో ముతకా మెత్తనా అన్నీ కలిపి మా మెయింటెనెన్స్ మనిషి పూశాడు. ఊరికే వచ్చిన సరుకు కనుక మూడు పూతలు దట్టంగా పూశాడు.

శివరాత్రి దాటాక ఒక ఉదయం, మేమంతా మీటింగులో ఉండగా, ఖాలా చేతిలో పెరుగు గిన్నెతో లోపలికి వచ్చింది. గిన్నె వంచితే లోపలిది పాలలాగే కదిలింది.

"మేడమ్మా, ఏం మందు పూయించినవ్ నా రేకులకు? పెరుగు తోడుకుంటలేదు."

కుర్రశాస్త్రవేత్తలు పగలబడి నవ్వారు. ఒకతను, "ఖాలా, తోడు తక్కువేసినవేమో" అన్నాడు.

"అరే, నువ్వు పుట్టకముందు సంది తోడేస్తున్న బిడ్డా. నీ పెండ్లికి పెరుగు గూడ నేనే తోడేస్త. ముందు పిల్లనైతె దొరకనీ."

నవ్వులు ఇంకా పెరిగాయి. మేడం మాత్రం నవ్వలేదు. చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టారు.

"ఎప్పటి సంది తోడుకుంటలేదు ఖాలా?"

"మీ సున్నం పూసిన కాడికెళ్లి. రాత్రి పెడితె తెల్లారెటాల్లకు గడ్డ కావాలె. పాలు పాల లెక్కనే ఉంటున్నయ్. అర్ర అంతా ఠండా."

ఆ మాటలో ఏముందో మాకు తట్టలేదు. ఆమెకు తట్టింది. మరునాడు తెల్లవారగానే నన్ను క్యాంటీన్ దగ్గరికి రమ్మన్నారు. పక్క షెడ్డు రేకులు పొడిగా ఉన్నాయి. క్యాంటీన్ చూరు నుంచి మంచు చుక్కలు చుక్కలుగా రాలుతోంది. ఆమె చీర కొంగు బిగించి నిచ్చెన ఎక్కారు. నేను కింద నిచ్చెన పట్టుకుని, "మేడం, నేనెక్కుత" అంటున్నాను. "నువ్వెక్కితె నిచ్చెన నేను పట్టాలె. అది ఇంకా ప్రమాదం" అన్నారు.

మధ్యాహ్నం ఎండ నెత్తిమీదికి వచ్చాక, రేకుకు అంటించిన, ఉష్ణోగ్రత కొలిచే తీగ చూపిన అంకె గాలి అంకెకంటే తక్కువగా ఉంది.

"నీ తీగ తప్పు" అన్నారు. తీగ మార్చాను. తక్కువే. "నీ యంత్రం తప్పు." యంత్రం మార్చాను. తక్కువే. గాలి వల్లనేమోనని చుట్టూ తడక కట్టించారు. కింద క్యాంటీన్‌లో నీళ్లు చల్లుతున్నారేమోనని పొయ్యి ఆపించి, గది ఆరబెట్టించారు; ఆ రోజు అందరమూ బయట తిన్నాము. బోర్డు మీది కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వచ్చాము. చివరి కారణం కొట్టేసిన రోజు ఆమె నిచ్చెనెక్కి, మండే ఎండలో ఆ రేకు మీద అరచేయి పెట్టి, అలాగే ఉండిపోయారు. తరువాత నన్నూ ఎక్కమన్నారు. నేను చేయి పెట్టాను. సూర్యుడు నా వీపును కాలుస్తున్నాడు. నా అరచేతి కింద రేకు కుండలా చల్లగా ఉంది. నాకు దేవుడి ముందు కూడా అంత భయం, అంత సంతోషం ఒకేసారి కలగలేదు.

ఇక్కడ మరొకరైతే దీన్ని తమ విజయంగా చెప్పుకునేవారు. కానీ ఈ ఫలితం ఆమె సిద్ధాంతాన్ని కూలదోసింది. ఏళ్ల తరబడి ఆమె పనికిరాదని పక్కన పెట్టించిన పొడే పనిచేసింది, జల్లించి దాచుకున్నది కాదు. తరువాతి మీటింగులో తానే లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, "నేను ఇన్నేండ్లు చెప్పింది తప్పు" అన్నారు. ఆమె మామూలుగానే కొనసాగించారు. "శామీర్‌పేట చెరువుల ఒక్కటే సైజు కన్నాల వలేస్తె ఒక్క తీరు చేపనే పడ్తది. ఎండల అన్ని తీర్ల వెలుగు ఉన్నది. దానికి అన్ని సైజుల రేణువులు కావాలె. నేను ఒక్క వలనే పట్టుకోని కూసున్న."

పెరుగు గురించి నవ్విన కుర్రాడు బాధపడుతూ, "మేడం, మీ పేపర్లన్నీ..." అన్నాడు.

"రాయికి మన పేపర్లు తెల్వయ్ నాయినా. అది దాని తీరుగనే ఉంటది. మనమే దాని కాడికి పోవాలె."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఓటమి కోసం వెతికాను. దొరకలేదు. పరీక్ష తప్పించుకున్న బడిపిల్లకుండే తేలిక మాత్రమే కనిపించింది.

కంపెనీ పెద్దలు వెంటనే అమ్మకానికి పెడదామన్నారు. "వానాకాలం చూడని రంగుకు పేరు పెట్టొద్దు" అని ఆమె ఆపారు. ఆపడమే మంచిదైంది. వాన వెలిశాక పూత మీద దుమ్ము అంటుకుని, తెలుపు మాసి, రేకు మళ్లీ మామూలు రేకైంది. అప్పటికే ఒక సభలో ఆ పూత గురించి ఆశగా మాట్లాడి ఉన్నందున, మరో సభకు పనిగట్టుకుని వెళ్లి, ఆ మాటను వెనక్కి తీసుకుని వచ్చారు.

వేరే నగరంలో ఒక యువ పరిశోధకుడు ఉండేవాడు. ఇలాంటి పూతలు ఈ దేశపు దుమ్ములో నిలవవని, మా పనిని పేరుపెట్టి మరీ విమర్శించాడు. ఆమె అతన్ని తుర్కపల్లికి పిలిపించి, ఖాలా చేత భోజనం పెట్టించి, మా నమూనాలన్నీ ముందు పరిచారు. "మొహమాటం వద్దు నాయినా. దీన్ని ఎట్ల పాడుచెయ్యాల్నో చూపియ్యి" అన్నారు. అతను వారం ఉన్నాడు. తప్పు పొడిలో లేదని, ఎండకు మెత్తబడి దుమ్మును పట్టుకుంటున్న జిగురులో ఉందని తేల్చాడు. అతను వెళ్లాక ఆమె నాతో, "మెచ్చుకునెటోళ్లు ఇంతమంది వచ్చిన్రు, ఒక్కరు గూడ జిగురు మాట చెప్పలే" అన్నారు. ఆపైన జిగురు వెతుకులాట. ఒక్కో జిగురుకూ ఒక్కో వానాకాలం. ఒక ఏడాది పగుళ్లు, ఒక ఏడాది పసుపురంగు, ఒక ఏడాది వానకు పూత మొత్తం అప్పడంలా లేచిపోయింది. ఆ అప్పడాన్ని కూడా ఆమె అద్దాల్లోంచి చూసి, "ఎంత అందంగ లేచింది!" అన్నారు.

నిరుడు ఎండాకాలం చివర్లో ఆమెకు జబ్బు బయటపడింది. వైద్యులు ఏం చెప్పారో ఆమె మాకు దాచకుండా చెప్పారు. ఆ వారమే చివరి పూతను నాలుగు రేకుల ఇళ్ల మీద పూయించారు. ఖాలా ఇల్లు అందులో ఒకటి. మోకాళ్ల నొప్పులతో అప్పటికే ఆమె క్యాంటీన్ మానేసింది. నియమాలు రెండు. రేకులు ఎవరూ కడగకూడదు. ఏడాది పొడవునా ఉష్ణోగ్రతను నమోదుచేసే పెట్టెలను రోహిణి కార్తె ముగిసేదాకా ఎవరూ తెరవకూడదు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఒక వానాకాలపు బురదా, ఒక చలికాలపు దుమ్మూ మోసిన పూత ఆ ఎండకు నిలిస్తేనే నిలిచినట్టని ఆమె లెక్క. "నడుమల చూస్తె మనసు వకీలు అయితది. చెడ్డ అంకెకు సాకులు చెప్తది" అన్నారు.

ఆసుపత్రిలో చివరిసారి కలిసినప్పుడు రోహిణి ఇంకా రాలేదు. ఆమె రోహిణి ముగిసేదాకా ఉండరని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. బయట ఎండ చూసి, నేను నిలువరించుకోలేకపోయాను.

"మేడం, ఒక్క పెట్టె తెరుస్త. మీకు చెప్త. ఇంకెవ్వరికి చెప్ప."

ఆమెకు తెలుసుకోవాలని లేదని ఎవరూ అనుకోవద్దు. దుప్పటి మీద వేళ్లు కదులుతున్నాయి. ఆమె జీవితం మొత్తం ఆ పెట్టెలోనే ఉంది.

"ఏం వచ్చినా నువ్వు నవ్వుమొఖంతోనే చెప్తవ్ యాదగిరీ. నీ మొఖం నాకెరుకే. అది కొలత కాదు, పరామర్శ."

"నిజమే చెప్త మేడం."

"నేను పోతున్ననని ఎండ ముందుగాల రాదు గదా. రోహిణి దాటనియ్యి." ఆ వెంటనే, "కాకపోయినా పరేషాన్ గావొద్దు. కాలేదంటె అది గూడ ఒక మాట తెలిసినట్టే. ఎనకొచ్చెటోళ్లకు ఒక తప్పు తొవ్వ తప్పుతది" అన్నారు. మళ్లీ కాసేపటికి, నవ్వుతూ, "కానీ అయితే మాత్రం మస్తుంటది" అన్నారు.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం, వచ్చేవాళ్లంతా వచ్చాక, ఖాలాకు కబురు అందలేదని తెలిసింది. ఫోను కలవడం లేదు. సాయంత్రం ఐదులోపు ఆమెను తీసుకురావాలని నేను బయలుదేరాను. అలియాబాద్ చేరేసరికి వీధిలో మనిషి లేడు. కుక్కలు మురికికాలువల్లో పడుకుని ఉన్నాయి. పొద్దుటి నుంచి కరెంటు లేదట. ఖాలా కోడలు పక్కింటి అరుగు నీడలో తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చుంది.

"అత్తమ్మ లోపల పడుకున్నది భయ్యా. నిద్ర చెడ్తదని నేను బయట కూసున్న. లేపాల్నా?"

ఆ గది నాకు కొత్త కాదు. ఎండాకాలం పగటిపూట అందులో పడుకోవడమంటే పెనం మీద రొట్టె కావడమేనని ఖాలాయే అంటుండేది. పోయిన ఏళ్లలో మధ్యాహ్నాలు ఆమె మసీదు గోడ నీడలోనో, మా క్యాంటీన్‌లోనో గడిపేది. పైన రేకు వైపు చూశాను. అంచుల్లో ఏడాది దుమ్ము చారికలు కట్టి ఉంది. గోడకు బిగించిన పెట్టె సీలు అలాగే ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు. ఇది రాస్తున్న నాటికి కూడా తెరవలేదు; దాని రోజు ఇంకా రాలేదు.

తలుపు తోసి గడపలో నిలబడ్డాను. నా చొక్కా వీపుకు అతుక్కుని ఉంది. ఫ్యాను ఆగి ఉంది. ఖాలా మంచం మీద గోడవైపు తిరిగి గాఢంగా నిద్రపోతోంది. లేపి, నేను చెప్పవలసింది చెప్పి, బండెక్కించుకుని పోవాలి. ఖాలా అని పిలవబోయి ఆగిపోయాను.

ఆమె చద్దరును భుజం దాకా లాక్కుని కప్పుకుని ఉంది. రోహిణి కార్తెలో, రెండు గంటల ఎండలో, రేకుల కింద.

మేడం అయితే ముందు ఏమడిగేవారో నాకు తెలుసు. చలికి కప్పుకుందా, ఈగలకు కప్పుకుందా?

గడపలోనే కూర్చుని, ఈగల కోసం గది అంతా జాగ్రత్తగా వెతికాను. మంచం మీద, గోడల మీద, మూత పెట్టిన గిన్నెల మీద. ఒక్కటి కూడా లేదు.

రాసి ముగించిన వేళ: ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు.
గుండ్ల యాదగిరి